బాస్ సామానుతో కొర్రమట్ట వేట: ఏది పనికొస్తుంది, ఏది మార్చుకోవాలి

హైదరాబాద్‌లో కొత్తగా గాలం పట్టాలనుకుని ఫోన్‌లో వెతకడం మొదలుపెడితే ముందు తగిలేది బాస్ అనే అమెరికా చేపను పట్టే బాస్ ఫిషింగే. ఏ రాడ్డు కొనాలి, ఏ రీలు మంచిది, ప్లాస్టిక్ కప్పను ఎలా ఆడించాలి, ఏ ముడి వేయాలి అని ఏది అడిగినా జవాబు బాస్ పట్టేవాళ్ల దగ్గరి నుంచే వస్తుంది. దుకాణాల్లో లూర్ల (అంటే కృత్రిమ ఎరల) ప్యాకెట్ల మీదా ఆ చేప బొమ్మే. ఆ సామాను సర్దుకుని శామీర్‌పేట వైపో శంకర్‌పల్లి వైపో ఒక చెరువు కట్ట ఎక్కితే, ఆ నీళ్లలో బాస్ లేదు. ఉన్నది కొర్రమట్ట. అప్పుడు చూసిన పాఠాల్లో ఏది నమ్మాలో, ఏది వదిలేయాలో తెలియక చాలామంది డబ్బూ ఓపికా రెండూ పోగొట్టుకుంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బాస్ సామానులో ముప్పాతిక వంతు మనకు అలాగే సరిపోతుంది. ఎందుకంటే ఆ సామాను చేప దాక్కునే చోటును బట్టి తయారైంది, ఆ చోటు ఇక్కడా అలాంటిదే. మారాల్సిందంతా చేప నోటి దగ్గర మారాలి. అంటే గాలం ముల్లు, రాడ్డు ఎత్తే సమయం, చేతికి దొరికాక పట్టుకునే తీరు. ఈ తేడా పట్టుబడితే మిగతా చిక్కులన్నీ వాటంతటవే విడిపోతాయి.

రెండు చేపలు

లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. లోతు తక్కువ నీళ్లు, నాచు, కలువ ఆకులు, నీళ్లలో ఒరిగిన చెట్లు దాని ఇల్లు. అక్కడ మాటు వేసి, దగ్గరికొచ్చిన దాన్ని మింగుతుంది. నోరు ఒక్కసారిగా తెరిచేసరికి ఆ ఖాళీలోకి నీళ్లతో పాటు ఎర కూడా లోపలికి లాగేసుకుపోతుంది. కళ్లు మూసి తెరిచేలోపు పని అయిపోతుంది.

దాని చుట్టూ ఇంత సామాను పుట్టడానికి పోటీలు కారణం. 1967లో రే స్కాట్ అనే ఆయన ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌లో ఒక పెద్ద బాస్ పోటీ పెట్టాడు. మరుసటి ఏడాది బాస్ పట్టేవాళ్ల సంఘం స్థాపించాడు. ఆ పోటీల్లో బతికున్న ఎర వాడకూడదు, లూర్లతోనే పట్టాలి. టైమ్ కూడా గంటల లెక్కన కట్టేసి ఉంటుంది. ఉన్న కాసేపట్లో పైనీళ్లు, నడిమి నీళ్లు, అడుగు అన్నీ వెతకాలంటే ఒక్కో పనికి ఒక్కో రాడ్డు సిద్ధంగా ఉండాలి. వీడియోల్లో పడవ మీద వరసగా పరిచిన రాడ్లు ఆ పోటీ అవసరం కోసం పుట్టినవి. కట్ట మీద నడుస్తూ గాలం వేసే మనకు మంచి రాడ్డు ఒకటి చాలు, నిజంగా చాలు.

ఇక కొర్రమట్ట. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదంగా మింగించేది దీని పిల్లనే. ఇదీ మాటు చేపే. గుర్రపుడెక్క కింద, తామరాకుల నీడలో, తుంగ అంచున నిలబడి కప్పలనూ చిన్న చేపలనూ పట్టుకుంటుంది. ఇక్కడి వరకూ బాస్‌తో పోలిక సరిగ్గా కుదురుతుంది. తేడాలు రెండు, రెండూ పెద్దవే.

మొదటిది గాలి. కొర్రమట్టకు మొప్పలతో పాటు తల లోపల గాలి పీల్చే అవయవం ఒకటి ఉంటుంది. అది కాసేపటికోసారి నీటి పైకి వచ్చి గాలి తీసుకోవాలి. పైకి రానివ్వకుండా వలలో నొక్కిపెడితే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఎండాకాలంలో చెరువు చిన్న మడుగులా మిగిలినా అది బతికి ఉండటానికి, రాంనగర్ చేపల మార్కెట్‌లో తొట్టిలో ఇన్ని నీళ్లలో గంటల తరబడి కదులుతూ ఉండటానికి కారణం ఇదే. గాలం పట్టేవాడికి ఇదొక వరం. బాస్ ఎక్కడుందో తెలుసుకోవడానికి అమెరికాలో వాళ్లు పడవకు సోనార్ మెషిన్లు బిగించుకుంటారు. మన చేప తానే పైకొచ్చి తన చోటు చూపిస్తుంది.

అయితే చూడటం నేర్చుకోవాలి. పెద్ద కొర్రమట్ట గాలికి వచ్చినప్పుడు నీళ్లు ఎగరవు. మూతి మాత్రం తేలుతుంది, ‘గుప్’ అని లోతైన చిన్న చప్పుడు, వెంటనే రెండు మూడు బుడగలు, ఆకుల మధ్య నిదానంగా పరుచుకునే ఒక వలయం. జిలేబి చేప ఎగిరితే చప్పుడు పలచగా ఉంటుంది, తుంపర్లు లేస్తాయి. మొదటి అరగంట గాలం సంచిలోంచి తీయకుండా కట్ట మీద కూర్చుని ఈ చప్పుళ్లు వినమని కొత్తవాళ్లకు చెబుతాను. ఏ సామానూ నేర్పలేనిది అక్కడ తెలుస్తుంది.

రెండో తేడా నోరు. బాస్ పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి, అందుకే వాళ్లు బొటనవేలు దాని నోట్లో పెట్టి ఎత్తి ఫొటో దిగుతారు. కొర్రమట్ట నోట్లో వేలు పెడితే రక్తం కారుతుంది. దవడ గట్టి ఎముక, పళ్లు సూదుల్లా ఉంటాయి. ఎరను పట్టాక దవడ బిగించేస్తుంది. ఆ బిగింపులో లూర్ కదలదు. లూర్ కదలకపోతే ముల్లు దిగదు. కొర్రమట్ట వేటలో ‘తగిలి తప్పించుకుంది’ అన్న కథల్లో చాలావాటికి మూలం ఈ బిగింపే.

బాస్ సామాను ఈ జాతికి పనికొస్తుందా అన్న అనుమానం ఇంకా ఉంటే, అమెరికాలోనే దానికి జవాబు ఉంది. 2002లో మేరీల్యాండ్ రాష్ట్రం క్రాఫ్టన్‌లోని ఒక కుంటలో మన కొర్రమట్టకు దగ్గరి బంధువైన ఉత్తర స్నేక్‌హెడ్ బయటపడింది. అధికారులు కుంటలో మందు కలిపి మొత్తం చంపేశారు. అయినా 2004లో పొటోమాక్ నదిలో మళ్లీ కనిపించింది, అక్కడే స్థిరపడింది. ఇప్పుడు ఆ నదిలో బాస్ పట్టేవాళ్లు అదే రాడ్డుతో, అదే ప్లాస్టిక్ కప్పతో దాన్నీ పడుతున్నారు.

రాడ్డు మీద రాసి ఉన్నదాన్ని చదవడం

రాడ్డు పిడికి కాస్త పైన చిన్న అక్షరాలు ఉంటాయి. కొనేవాళ్లలో ఎక్కువమంది చూడకుండా వదిలేసేది అదే. పవర్, యాక్షన్ అని రెండు మాటలు కనిపిస్తాయి. రెండూ ఒకటే అనుకోవడం మామూలే, కానీ పూర్తిగా వేరు. రాడ్డు వంచడానికి ఎంత బలం కావాలో చెప్పేది పవర్. లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని ఉంటుంది. రాడ్డు ఏ చోట వంగుతుందో చెప్పేది యాక్షన్. ఫాస్ట్ అంటే చివరి భాగమే వంగుతుంది. మోడరేట్ అంటే సగం దాకా, స్లో అంటే దాదాపు పిడి దాకా వంగుతుంది. హెవీ పవర్ ఉండి మోడరేట్ యాక్షన్ ఉన్న రాడ్డూ ఉంటుంది, లైట్ పవర్ ఉండి ఫాస్ట్ యాక్షన్ ఉన్నదీ ఉంటుంది.

కొర్రమట్టకు 7 అడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్ రాడ్డు. గుర్రపుడెక్క దట్టంగా ఉన్న చెరువులే ఎక్కువగా తిరుగుతారంటే హెవీ. కారణం సూటిగానే ఉంది. ముల్లు ఎముకలోకి దిగాలంటే మీ చేతి విసురు మధ్యలో వృథా కాకూడదు. మెత్తగా పిడి దాకా వంగే రాడ్డు ఆ విసురును తనే మింగేస్తుంది. ముల్లు దిగిన మరుక్షణం చేప ఆకుల్లోకి తల దూరుస్తుంది, దాని తలను పైకి తిప్పాలంటే రాడ్డు నడుములో బలం ఉండాలి.

అక్కడే లూర్ బరువు కూడా రాసి ఉంటుంది, సాధారణంగా ఔన్సుల్లో. ఔన్సు అంటే 28 గ్రాముల చిల్లర. పావు ఔన్సు నుంచి ముప్పాతిక ఔన్సు అని ఉంటే 7 నుంచి 21 గ్రాముల లూర్‌ను ఆ రాడ్డు సరిగ్గా విసురుతుంది. మార్కెట్‌లో దొరికే కప్ప లూర్లు చాలావరకు 10 నుంచి 17 గ్రాముల మధ్య ఉంటాయి కాబట్టి సరిపోతుంది. 3 గ్రాముల లూర్ కట్టి దూరం పోవట్లేదని రాడ్డును తిట్టుకుంటే లాభం లేదు.

ఇంకో మాట, ఇది ప్రాణాలకు సంబంధించింది. ఈ రాడ్లు ఎక్కువగా కార్బన్‌తో చేసినవి. కార్బన్ గుండా కరెంటు పారుతుంది. మన చెరువుల పక్కన కరెంటు తీగలు కిందికి వేలాడుతూ ఉంటాయి, కట్టల మీదుగా హైటెన్షన్ లైన్లు పోతుంటాయి. రాడ్డు ఎత్తే ముందు తల పైకెత్తి చూడండి. ఉరుములు వినిపిస్తే రాడ్డు మడిచి సంచిలో పెట్టేయండి. కాసేపు ఆగి చూద్దాం అనుకోవద్దు.

రీలు దగ్గర పడే చిక్కు

రీళ్లు రెండు రకాలు. స్పిన్నింగ్ రీలు రాడ్డు కింద వేలాడుతుంది, దారం చుట్టిన స్పూల్ తిరగదు, దారం దాని అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. బెయిట్‌కాస్టర్ రాడ్డు పైన కూర్చుంటుంది, విసిరినప్పుడు స్పూలే గిర్రున తిరిగి దారం వదులుతుంది. ఈ ఒక్క తేడా నుంచే మిగతావన్నీ వస్తాయి.

స్పూల్ తిరగని రీలులో చిక్కు పడేది తక్కువ, తేలికైన లూర్ కూడా దూరం పోతుంది. కొత్తవాళ్లకు ఇదే మంచిది. బాస్ వీడియోల్లో అందరి చేతుల్లోనూ బెయిట్‌కాస్టర్ కనబడుతుంది కాబట్టి అదే కొనాలన్న తొందర వద్దు. 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రీలుతో ఎంత పెద్ద కొర్రమట్టనైనా కట్టకు తెచ్చుకోవచ్చు. బెయిట్‌కాస్టర్ లాభం ఎక్కడంటే మందమైన దారంతో, బరువైన లూర్‌తో, తామరాకుల మధ్య ఒక చిన్న ఖాళీలోకి గురి చూసి వేసేటప్పుడు. బొటనవేలు స్పూల్ మీదే ఉంటుంది కాబట్టి లూర్‌ను కావలసిన చోట ఆపొచ్చు.

దానితో దారం గూడు కట్టినట్టు చిక్కుపడటం అందరికీ అనుభవమే. అది ఎందుకు జరుగుతుందో తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. విసిరిన క్షణంలో లూర్ వేగంగా పోతుంది, దాని లాగుడికి స్పూల్ వేగం అందుకుంటుంది. తర్వాత గాలి అడ్డుపడి లూర్ నెమ్మదిస్తుంది. స్పూల్ మాత్రం తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది. లూర్‌కు అక్కర్లేని దారం కూడా వదిలేస్తుంది. ఆ మిగులు దారం లోపల ఉబ్బి చిక్కవుతుంది. ఎదురుగాలిలో ఇంకా ఎక్కువ.

దీన్ని ఆపడానికి రీలులో మూడు ఏర్పాట్లు ఉన్నాయి. హ్యాండిల్ పక్కన ఉండే చిన్న మర స్పూల్ మీద ఒత్తిడి పెడుతుంది. లూర్ కట్టి, బటన్ నొక్కి వదిలితే అది నిదానంగా దిగాలి, నేలకు తగలగానే స్పూల్ ఆగాలి. అంతవరకూ ఆ మర బిగించండి. రెండోది అవతలి పక్క ఉండే బ్రేకు. కొన్నింటిలో అయస్కాంతాలతో, కొన్నింటిలో స్పూల్ తిరిగే వేగానికి బయటికి జరిగి రాసుకునే చిన్న ముక్కలతో పనిచేస్తుంది. మొదట్లో దాన్ని ఎక్కువ మీద పెట్టి, చేయి అలవాటయ్యేకొద్దీ తగ్గించుకుంటూ రండి. మూడోది బొటనవేలు. లూర్ నీళ్లను తాకడానికి ఓ అర క్షణం ముందు స్పూల్‌ను వేలితో ఆపాలి. ఇది చేతికి వచ్చాక మొదటి రెండింటి అవసరం తగ్గుతూ వస్తుంది. ఇంటి డాబా మీదో ఖాళీ మైదానంలోనో ముల్లు లేని బరువు కట్టుకుని అలవాటు చేసుకోవడం మంచిది.

7.1:1 లాంటి అంకెలు గేర్ లెక్క. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూల్ ఏడు చుట్లు తిరుగుతుంది. కొర్రమట్టకు 7 పైన ఉన్నది తీసుకోండి. చేప కొట్టాక వదులైన దారాన్ని చటుక్కున చుట్టుకోవాలి, ముల్లు దిగాక తలను ఆకుల్లోకి పోనివ్వకూడదు. రెండింటికీ వేగమే కావాలి.

దారం, మన రాళ్లు

దారం దగ్గర బాస్ పాఠాలు పూర్తిగా నిజం. కానీ హైదరాబాద్ నేలను బట్టి ఒక సవరణ చేసుకోవాలి.

నైలాన్ దారం సాగుతుంది. సాగడం వల్ల చేప గుంజినప్పుడు కాస్త ఊరట, కానీ దూరంలో ఉన్న చేప దవడలోకి ముల్లు దింపాలంటే ఆ సాగుడే అడ్డం. ఫ్లోరోకార్బన్ నీళ్లలో తక్కువ కనిపిస్తుంది, రాపిడికి తట్టుకుంటుంది, మునుగుతుంది. మునగడం వల్ల నీటి పైన ఆడించే కప్పకు అది పనికిరాదు, మూతిని కిందికి లాగేస్తుంది. బ్రెయిడ్ సన్నటి పోగులను జడలా అల్లిన దారం. దాదాపు సాగదు, తేలుతుంది, సన్నగా ఉండి చాలా బలంగా ఉంటుంది. 30 పౌండ్ల బ్రెయిడ్ సుమారు 8 పౌండ్ల నైలాన్ అంత లావే ఉంటుంది. ఆకుల కాడలను కోసుకుంటూ వస్తుంది కూడా. కొర్రమట్టకు 40 నుంచి 50 పౌండ్ల బ్రెయిడ్ వేసుకోండి.

చేప రెండు కిలోలు, దారం 50 పౌండ్లు, అంటే 22 కిలోలకు పైగా. ఇంత ఎందుకని అడుగుతారు. మీరు లాగేది చేపనొక్కదాన్నే కాదు. దాని తలకు చుట్టుకున్న గుర్రపుడెక్కనూ, తామర కాడలనూ కలిపి లాగుతున్నారు.

ఇప్పుడు ఆ సవరణ. బ్రెయిడ్‌కు రాయి శత్రువు. అమెరికా వీడియోల్లో పడవ మీద నిలబడి వేస్తారు కాబట్టి ఈ సంగతి అంతగా తెలియదు. మనం కట్ట మీది నుంచి వేస్తాం. కట్టకు నీళ్ల వైపు పేర్చిన రాళ్లు ఉంటాయి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల చూసినా, ఊరి చెరువుల దగ్గర చూసినా దక్కన్ గుండ్లు నీళ్లలోకి దిగి ఉంటాయి. ఆ రాతి అంచు మీద బిగువుగా ఉన్న బ్రెయిడ్ ఒక్కసారి రాసుకుంటే పోగులు తెగిపోతాయి. అందుకని రాళ్లున్న చోట చివర రెండు మూడు అడుగులు మందమైన నైలాన్ లీడర్ కట్టుకోవాలి. కప్పకు ఫ్లోరోకార్బన్ లీడర్ వద్దు, నైలానే. చేప దగ్గరికి వచ్చినప్పుడు రాడ్డును పైకెత్తి దారం రాళ్లకు తగలకుండా చూసుకోండి. ప్రతి చేప తర్వాతా చివరి మూర దారం వేళ్ల మధ్య జార్చి చూడండి, గరుకుగా తగిలితే కత్తిరించి మళ్లీ ముడేయండి.

ముడి విషయంలో పాలోమర్ ముడి ఒకటి నేర్చుకుంటే చాలు, నునుపైన బ్రెయిడ్‌లో కూడా జారదు. బిగించే ముందు ఉమ్మితో తడపండి. కొత్త స్పూల్ మీద బ్రెయిడ్ నేరుగా చుడితే మొత్తం చుట్టే గుండ్రంగా జారిపోతుంది. అడుగున కొన్ని చుట్లు నైలాన్ వేసి దానిమీద చుట్టాలి.

కప్ప

మన ఊళ్లలో కొర్రమట్టకు బతికున్న కప్పను ముల్లుకు గుచ్చడం పాత పద్ధతి. డొల్ల రబ్బరు కప్ప వచ్చాక ఆ అవసరం లేదు. దానికి కడుపు కింద రంధ్రం, వెనక నుంచి వచ్చి వీపును ఆనుకుని పైకి చూసే రెండు ముళ్లు ఉంటాయి. ఆకుల మీద లాగినా ఏదీ తగులుకోదు. చేప కరిచినప్పుడు రబ్బరు నొక్కుకుపోయి ముళ్లు బయటపడతాయి. థాయిలాండ్, మలేసియాల్లో ఈ జాతి చేపల కోసమే తయారైన జంప్ ఫ్రాగ్ కొంచెం వేరు. అది గట్టిగా, చిన్నగా ఉంటుంది, వెనక మెరిసే చిన్న రేకు తిరుగుతుంది. ఆకులు పలచగా ఉన్న నీళ్లలో నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

బాస్ కోసం చేసిన కప్పను దుకాణంలోనే బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కి చూడండి. తేలిగ్గా నొక్కుకుని ముళ్ల మొనలు బయటికి రావాలి. రాకపోతే అది కొర్రమట్టకు పనికిరాదు, ఎంత ఖరీదైనా సరే. ఇంటికొచ్చాక ముళ్లను కొద్దిగా, అంటే ఓ రెండు మిల్లీమీటర్లు, పైకి వంచుకోవచ్చు. ఆకులు తగులుకోవడం కాస్త పెరుగుతుంది, తప్పించుకునే చేపలు బాగా తగ్గుతాయి. పొడవాటి కాళ్ల కుచ్చులను కొంచెం కత్తిరించండి. చేప చాలాసార్లు తోక వైపు నుంచే పట్టుకుంటుంది, కుచ్చులు పొడవుంటే వాటినే నోట్లో పెట్టుకుని వదిలేస్తుంది.

ఇక ఆడించడం. గాలికి తేలిన చోట నేరుగా నెత్తిన వేయకూడదు, బెదిరిపోతుంది. రెండు మూడు గజాలు అవతల వేసి, ఆ చోటు పక్కగా వచ్చేలా లాగాలి. బాస్‌కు కప్పను ఆపి, కదిపి, మళ్లీ ఆపి ఊరించాలని చెబుతారు. కొర్రమట్టకు ఆగకుండా ఒకే వేగంతో పోయే కప్పే ఎక్కువగా పనిచేస్తుందని నా అనుభవం. ఆకు అంచు దాటి ఖాళీ నీళ్లలోకి జారే చోట మాత్రం ఒక్క క్షణం ఆపితే మంచిది. వెనకాల నీళ్లు నాగలి చాలులా చీలుతూ వస్తున్నాయంటే చేప వెంటపడిందన్నమాట. అప్పుడు ఆపొద్దు, వేగం పెంచొద్దు. చేయి వణుకుతుంది, అయినా అదే వేగంతో చుట్టండి.

కొట్టినప్పుడు శబ్దానికి ఒళ్లు ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటుతో రాడ్డు ఎత్తేస్తే కప్ప గాల్లో ఎగిరి మీ వైపు వస్తుంది. ఇక్కడే నోటి తేడా గుర్తుంచుకోవాలి. బాస్ అయితే పీల్చుకున్న ఎర అప్పటికే నోటి లోపల ఉంటుంది. కొర్రమట్ట ముందు పళ్లతో పట్టుకుంటుంది, తర్వాత తల తిప్పి కిందికి తీసుకుపోతుంది. ఆ తిరుగుడు దాకా ఆగాలి. కప్ప కనబడకుండా పోయిందా అని చూడండి, రాడ్డు కొన నీళ్ల వైపు దించండి, వదులు దారం చుట్టుకోండి. బరువు చేతికి తెలిసినప్పుడు రెండు చేతులతో గట్టిగా పైకి లాగండి. మనసులో ‘ఒకటి, రెండు’ అనుకునేంత సేపు చాలు. లాగాక వదులివ్వకుండా చుట్టుతూనే ఉండాలి, దాని తల నీటి పైన ఉన్నంతసేపూ ఆకుల్లోకి పోలేదు. డ్రాగ్‌ను, అంటే చేప ఎంత గట్టిగా గుంజితే రీలు దారం వదలాలో నిర్ణయించే బిగింపును, మామూలుగా దారం బలంలో మూడో వంతు దగ్గర పెడతారు. దట్టమైన ఆకుల్లో అంతకంటే బాగా బిగించుకోండి.

తప్పిపోతే లూర్ వెంటనే బయటికి తీయొద్దు. అదే చోట మళ్లీ వేయండి. ముల్లు గుచ్చుకోని కొర్రమట్ట చాలాసార్లు రెండోసారీ వస్తుంది.

మిగతా లూర్లు, మిగతా చేపలు

బాస్ పెట్టెలో ఉండే మిగతావాటి గురించి చెప్పాల్సింది తక్కువే. తిరిగే రేకు ఉండే స్పిన్నర్‌బెయిట్ తుంగ అంచుల్లో, నీళ్లు బురదగా ఉన్నప్పుడు పనికొస్తుంది. టెక్సాస్ రిగ్, అంటే ముల్లు మొనను మెత్తటి ప్లాస్టిక్ ఎర లోపల దాచేసే పద్ధతి, ఎండాకాలం మధ్యాహ్నం చేప అడుగున ఉన్నప్పుడు మంచిది. మూడేసి ముళ్లు వేలాడే క్రాంక్‌బెయిట్లను ఆకుల చెరువులో వేస్తే చేప బదులు నాచు వస్తుంది. వాటిని సింగూరు లాంటి పెద్ద జలాశయాల్లో వాలుగ కోసం దాచుకోండి.

రవ్వ, బొచ్చె, బంగారు తీగలకు ఈ సామానంతా వృథా. అవి వేటాడే చేపలు కావు. వాటికి తవుడు, వేరుశెనగ చెక్క, గోధుమ పిండి కలిపిన ముద్ద, మెత్తటి రాడ్డు, బోలెడంత ఓపిక కావాలి. అది పూర్తిగా వేరే విద్య.

బాస్ సామాను దాదాపు మార్పులేమీ లేకుండా సరిపోయే చేప ఒకటుంది: పండుగప్ప. మార్కెట్‌లో సీ బాస్ పేరుతో అమ్మేది ఇదే. కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో ఉప్పునీళ్లకీ మంచినీళ్లకీ మధ్య తిరిగే ఈ చేపను చెరువుల్లోనూ పెంచుతారు. ఇది బాస్ లాగే పీల్చుకుని మింగుతుంది, గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుంది. మొప్ప మూతల అంచు బ్లేడులా ఉంటుంది కాబట్టి మందమైన లీడర్ తప్పనిసరి, చేతితో పట్టుకునేటప్పుడు మొప్పల దగ్గర జాగ్రత్త.

ఎవరి చెరువు, ఏ కాలం

చెరువులో చేప ఎవరిదీ కాదు అనుకోవడం పొరపాటు. మన చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా ఆ ఊరి మత్స్యకార సహకార సంఘానిది. ముదిరాజులకో, గంగపుత్రులకో అది కడుపు నింపే పని. వాళ్లు పిల్లలను వదిలి, కాపలా కాసి, సీజన్‌లో పట్టుకుంటారు. కట్ట మీద మనిషి కనబడితే ముందు వెళ్లి, “అన్నా, మట్టల కోసం ఒక పూట గాలం వేసుకుంటం, పట్టి వదిలేస్తం” అని అడగండి. చాలాచోట్ల సరే అంటారు. వద్దంటే మారుమాట లేకుండా తిరిగి వచ్చేయాలి. తాగునీటి జలాశయాలు, పక్షుల కోసం కాపాడుతున్న అమీన్‌పూర్ లాంటి చెరువుల దగ్గర అనుమతి సంగతి తేల్చుకోకుండా రాడ్డు తీయకండి. నగరం మురుగు చేరే చెరువుల చేపను నేను ఇంటికి తీసుకెళ్లను, మీరూ తీసుకెళ్లొద్దని చెబుతాను.

ఫిబ్రవరి నుంచి మే దాకా మంచి కాలం. నీళ్లు తగ్గి చేపలు ఒకచోట చేరతాయి. పొద్దున వెలుతురు రాగానే రెండు గంటలు, సాయంత్రం ఒక గంట. నడి ఎండలో మీకూ చేపకూ ఇద్దరికీ కష్టమే. డిసెంబర్, జనవరి చలిలో కొర్రమట్ట మందకొడిగా ఉంటుంది, పొద్దెక్కాక నీళ్లు వెచ్చబడ్డాకే కదులుతుంది. నీళ్లు తగ్గినప్పుడు శిఖంలోకి దిగి నడవాలనిపిస్తుంది. మట్టి, మొరం తవ్విన గుంతలు అక్కడే ఉంటాయి, పైకి మోకాలి లోతులా కనిపించి లోపల నిలువెత్తు ఉంటాయి. కట్ట మీద నుంచే వేయండి. గడ్డిలో కాలు పెట్టే ముందు కర్రతో తట్టండి, రక్తపింజర పడుకుని ఉండే చోట్లు అవి.

చేప చేతికి వచ్చాక పట్టుకారు లాంటి గ్రిప్‌తో దవడ పట్టుకోండి, రెండో చేయి తడిపి కడుపు కింద పెట్టండి. పొడి చేత్తోనో బట్టతోనో తుడిచినట్టు పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోతుంది. చేపను రోగాల నుంచి కాపాడేది ఆ జిగురే. ముల్లు మొన పక్కనుండే చిన్న ఎదురు ముల్లును ముందే పట్టకారతో నొక్కేస్తే తీయడం సులువు. గాలి పీలుస్తుంది కదా ఎంతసేపైనా ఆగుతుందిలే అని ఎండలో రాతి మీద పడుకోబెట్టి ఫొటోలు తీయడం మాత్రం చాలా అన్యాయం. వేడి రాయికి దాని చర్మం కాలుతుంది.

వానలు మొదలయ్యాక, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. నీటి పైన జానెడు వెడల్పున ఎర్రటి చిన్న పిల్లల గుంపు, ఒకేసారి పైకి వచ్చి ఒకేసారి మునుగుతూ, చినుకులు పడుతున్నట్టు నీళ్లను కదిలిస్తుంది. దాని కింద తల్లీ తండ్రీ రెండూ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదుగా కప్పను లాగితే తప్పకుండా కొడతాయి, ఆకలితో కాదు, పిల్లల కోసం. ఇంత సులువుగా దొరికే చేప మరొకటి లేదు. ఆ జతను ఎత్తుకెళ్తే జిలేబీలూ మిగతా చేపలూ పిల్లలన్నింటినీ తినేస్తాయి. బాస్ కూడా గూడు కాపలా కాస్తుంది. ఆ చేపను పట్టినా అక్కడికక్కడే వదిలేస్తామని చాలామంది చెబుతారు, కానీ ఆ కాస్త సమయంలోనే గూడు ఖాళీ అయిపోవచ్చు. ఎర్ర గుంపు కనిపిస్తే ఆ అంచు వదిలి తూము అవతలికో అలుగు వైపుకో వెళ్లి వేసుకోండి. పిల్లలు పెరిగి ఎరుపు పోయి, గుంపు విడిపోయాక ఆ చోటుకి మళ్లీ రావచ్చు.